ఎడమ పక్క సీటు ఎవరిది

"పిల్ల ఏం చేస్తుంది బాబూ?" అని ఫోనులో అడిగింది మా చిన్నత్తయ్య.

అప్పుడు నేను కొట్లో ఒక పెద్దమనిషి ముక్కు మీద కొత్త కళ్ళజోడు నిలబెట్టే ప్రయత్నంలో ఉన్నాను. ఆ ముక్కు కాస్త ఏటవాలు. జోడు కూర్చోబెట్టడం, అది జారి కిందికి రావడం, మళ్ళీ కూర్చోబెట్టడం.

"ఏ పిల్ల అత్తయ్యా?" అన్నాను.

"నా దగ్గర దాస్తావేం. పెళ్ళి ఖాయం చేసింది నువ్వేనటగా. పిల్లవాడు మొదట బెదిరిపోయాడట, నువ్వే పక్కన కూర్చుని ధైర్యం చెప్పావట. అక్క అంతా చెప్పింది."

చిన్నత్తయ్య అంటే మా అత్తగారి చెల్లెలు. పిల్లవాడంటే మా బావమరిది, మా ఆవిడ తమ్ముడు. వృత్తికి పళ్ళ డాక్టరు. ఊళ్ళో అందరి పళ్ళూ వాడు చూస్తాడు గానీ వాడి పెళ్ళి మాత్రం ఇంతవరకూ ఎవరూ చూడలేదు. అందుకే వాణ్ణి ఇంట్లో పెళ్ళికొడుకు అనకుండా పళ్ళకొడుకు అంటాం. వాడికి పెళ్ళి నేను కుదర్చడమేమిటి? నేను చూపులు సరిచేసేవాణ్ణే గానీ పెళ్ళిచూపులు ఏర్పాటు చేసేవాణ్ణి కాను.

ఏటవాలు ముక్కాయన్ని కూర్చోబెట్టి ఆలోచించాను. ఆ పొద్దున నేను మా మామగారికి ఫోను చేసిన మాట నిజం. ఆయనతో అన్న మాటలు కూడా గుర్తే. "మామయ్యగారూ, ఫెర్రీ ఖాయమైపోయింది. మీ అబ్బాయికే కాస్త బెదురు. మొదట్లో అందరికీ ఉండేదేలే, ఒకసారి ఎక్కితే అలవాటైపోతుందని నచ్చజెప్పాను. ఒడ్డు చేరేదాకా వాడి పక్కన నేనుంటాను."

"ఎంత చల్లని మాట చెప్పావు అల్లుడూ," అన్నారాయన.

"చల్లగానే ఉంటుందట. స్వెట్టర్లు తెచ్చుకోమన్నారు," అన్నాను నేను, తెలివిగా.

ఫెర్రీ అంటే పడవ. మనుషుల్నీ కార్లనీ ఒకేసారి మోసుకుపోయే పెద్ద పడవ. మేం ఐదుగురం, అత్తగారూ మామగారూ, నేనూ మా ఆవిడా, పళ్ళకొడుకూ, కలిసి విదేశంలో నాలుగు ఊళ్ళు చూడాలని బయలుదేరుతున్నాం. అసలు పేర్లు మా ఇంట్లో ఎవరికీ నోరు తిరగవు కాబట్టి మేమే పేర్లు పెట్టుకున్నాం. విమానం దిగే ఊరు దిగుడూరు. అక్కణ్ణుంచి దాదాపు పగలంతా పట్టే రైల్లో వంతెనల ఊరు. అక్కణ్ణుంచి బస్సులో సరస్సు ఊరు. సరస్సు మీద ఫెర్రీలో అవతలి ఒడ్డున ఎక్కుడూరు, అంటే తిరుగు విమానం ఎక్కేది. పళ్ళకొడుక్కి నీళ్ళంటే భయం. నేను ధైర్యం చెప్పింది దానికి.

ఫెర్రీ బయలుదేరి, ఒక ఫోను దాటి, పెళ్ళి అయి ఒడ్డు చేరింది.

ఆ సాయంత్రం మా ఆవిడా నేనూ అత్తగారింటికి వెళ్ళాం. కింద పళ్ళ క్లినిక్కు, పైన ఇల్లు. కింద మిషను గీమంటే పైన గ్లాసులు సన్నగా మోగుతాయి. పళ్ళకొడుకు తెల్లకోటు విప్పకుండానే పైకొచ్చి కుర్చీలో కూలబడ్డాడు.

"మధ్యాహ్నం నుంచీ నోరు తెరిచిన ప్రతివాడూ కంగ్రాట్స్ చెబుతున్నాడు బావా."

"నోట్లో నువ్వు అద్దం పెట్టి ఉండగా ఎలా చెప్పార్రా?"

"చేత్తో చెప్పారు. ఒకావిడయితే మత్తు దిగకుండానే, మూతి వంకరగా, పిల్ల ఎత్తెంత అని అడిగింది."

మా ఆవిడ నేరుగా వాళ్ళమ్మ దగ్గరికి, ఎడమ పక్కకి వెళ్ళి నిలబడింది. "అమ్మా, ఫెర్రీకీ పెళ్ళికీ తేడా తెలీదా నీకు?"

ఎడమ పక్కకే ఎందుకంటే, మా అత్తగారికి కుడి చెవి చిన్నప్పుడే జ్వరంలో పోయింది. ఆవిడతో మాట్లాడాలంటే ఎడమ పక్కకి చేరాలి. ఆ ఇంట్లో ఇది అందరికీ నడక వచ్చినప్పుడే వచ్చేస్తుంది. కాపురానికి వచ్చిన రోజు నుంచీ ఆ పక్క మామగారిది. నడిచినా, సినిమాకి వెళ్ళినా, ఫోటో దిగినా ఆయన ఆవిడకి ఎడమే. ఎడమే గానీ ఇద్దరి మధ్యా ఎడం మాత్రం నేనెప్పుడూ చూడలేదు.

"ఏం తేడా ఉందే," అంది అత్తగారు నవ్వుతూ. "రెండూ ఊగుతాయి, రెంటికీ పక్కన మనిషి ఉండాలి. ఆయన ఫెర్రీ అనే చెప్పారు. నాకే పెళ్ళి అని వినబడింది. పాడు చెవి."

"మొన్న కేకులు కూడా ఇలాగే అయింది," అన్నాడు పళ్ళకొడుకు.

కేకుల కథ ఏమిటంటే, గోడ గడియారం తగిలించడానికి మేకులు కావాలి. మామగారు బజారుకి వెళ్ళి కేకులు తెచ్చారు. అత్తగారు, "మీరు ఏం తేవాలని అడిగినప్పుడు నేనే సరిగ్గా వినక కేకులు అనేశాను," అని ఒప్పేసుకుంది. మేం కేకులు తిన్నాం. గడియారం ఇప్పటికీ నేలమీదే గోడకి జారగిలబడి, టైము మాత్రం నిటారుగా చెబుతోంది.

మామగారు ఇవేవీ విననట్టు పేపరు చదువుతున్నారు. ఆయన బస్సు డ్రైవరు. రిటైరయ్యారు గానీ స్టీరింగు ఇంకా చేతుల్లోంచి దిగలేదు. పేపరు రెండు అంచులూ పట్టుకుని, వార్తని బట్టి మలుపులు తిప్పుతూ చదువుతారు. కేకుల మాట రాగానే పేపరు గట్టి మలుపు తిరిగింది. ఏదో పెద్ద వార్త అనుకున్నాను.

"సరే, పిన్నికి చెప్పేశాను, పెళ్ళి కాదు ఫెర్రీ అని," అంది మా ఆవిడ లాప్‌టాప్ తెరుస్తూ. "ఇక సీట్లు చూద్దాం."

మా ఆవిడ బడిలో లెక్కలు చెబుతుంది. ప్రయాణం ఏర్పాట్లు ఆవిడకి కూడికలూ తీసివేతలూ లాంటివి. నేను బుక్ చేస్తున్నాననుకుని మొదట్లో హుషారుగా దిగాను గానీ, వీసాల విసుగూ, పాస్‌పోర్టు ఫోటోలో నవ్వకూడదన్న నియమమూ దాటేసరికి బుక్కయింది నేనేనని తెలిసింది. ఇక మిగిలింది రైలు సీట్లు. తెరమీద పెట్టె బొమ్మ వచ్చింది, చిన్నచిన్న గళ్ళతో.

"ముందే చెబుతున్నా," అన్నారు మామగారు పేపరు పక్కన పెట్టి. "వెనక్కి తిరిగి కూర్చునే సీట్లు నాకొద్దు. బండి ముందుకి పోతుంటే నేను వెనక్కి చూట్టమేంటి. నలభై మందిని కూర్చోబెట్టుకుని నడిపినవాణ్ణి."

"వద్దులే నాన్నా. మీ ఇద్దరికీ జంట సీట్లు, ముందుకి చూసేవి. కుడి పక్క కిటికీ దగ్గర అమ్మ, అమ్మకి ఎడమ పక్క నువ్వు. ఎప్పట్లాగే."

"ఎప్పట్లాగే," అన్నారు మామగారు, అదేదో కొత్త మాటయినట్టు.

అత్తగారు చేతులు తుడుచుకుంటూ వచ్చి ఆ గళ్ళకేసి చూసింది. "నాకు ఊళ్ళు ఎలా ఉంటాయన్నది కాదు నాయనా," అంది నాతో. "ఈయన బస్సులో ఎన్నిసార్లు వెళ్ళానో. ముందు సీటే. ఎదురుగా బోర్డు: డ్రైవరుతో మాట్లాడరాదు. అదిగో కొంగలు, అదిగో కొత్త వంతెన అని చెప్పాలనిపించేది. బోర్డు చూసి ఊరుకునేదాన్ని. ఇంటికొచ్చాక చెబుదామంటే ఈయన అలిసిపోయి పడుకునేవారు. పొద్దున్నకి కొంగలేం గుర్తుంటాయి. ఈసారి బండి ఇంకెవరో నడుపుతారు. కిటికీలోంచి కనబడిందల్లా చెబుతాను, ఈయన వింటారు. అదే నా టూరు."

"భార్యకి ఆ బోర్డు వర్తించదని చెప్పొచ్చుగా మామయ్యగారూ," అన్నాను.

"రూలు రూలే కదయ్యా," అన్నారు ఆయన. కానీ ముఖం ఎటో పెట్టుకుని అన్నారు.

మర్నాడు కొట్టు తెరవగానే మామగారు వచ్చారు. జోడు వదులైంది, బిగించమన్నారు. నేను ఆయన వెనక నిలబడి కుడి చెవి మీద కమ్మీ సర్దుతూ, "ఇక్కడ నొక్కుకుంటోందా?" అన్నాను. పలకలేదు. ఇంకొంచెం వంచి మళ్ళీ అడిగాను. అద్దంలో ఆయన ముఖం ప్రశాంతంగా ఉంది. ఎడమ పక్కకి వచ్చి అదే మాట అన్నాను.

"లేదు, బానే ఉంది," అన్నారు వెంటనే.

నా వ్యాపారం కళ్ళది. అయినా కళ్ళజోడు నిలబడేది చెవుల మీదే. నేను స్టూలు లాక్కుని ఎడమ వైపు కూర్చున్నాను. ఆయనకి అర్థమైపోయింది.

"కనిపెట్టేశావా," అన్నారు. "డాక్టరుకి చూపించానులే. పెద్దగా చేసేదేం లేదన్నాడు. కిటికీ వైపు చెవి కదా, ఏళ్ళ తరబడి హారన్లు తిని తిని కడుపు నిండిపోయింది దానికి."

"నిన్నటి ఫోను..."

"కుడి చేత్తో ఎత్తాను. మీ అత్తయ్య ఎదురుగా ఉంది. ఎన్నడూ లేనిది ఫోను ఎడమ చెవికి మారిస్తే పట్టేస్తుంది. అలాగే ఉంచాను. నువ్వేదో మంచి మాట చెబుతున్నావని మటుకు తెలుస్తోంది. పెళ్ళి అనే వినబడింది. పిల్లవాడు భయపడ్డాడన్నావు, ఒడ్డున పడేస్తానన్నావు. పెళ్ళి కాక మరేమనుకోను?"

"మరి అత్తయ్యగారు తనకే సరిగ్గా వినబడలేదన్నారే?"

"అదే నాకూ అర్థం కావట్లేదు. ఆమెకి నేను పెళ్ళి అనే చెప్పాను. ఫెర్రీ అని చెప్పాననుకుంటోంది పాపం. తన చెవి మీద తనకి అంత అపనమ్మకం." ఆయన జోడు తీసి తుడవడం మొదలుపెట్టారు, అది అప్పుడే నేను తుడిచిందే అయినా. "చూడు అల్లుడూ. ఆమెకి ఎడమ పక్కన నేనుంటే నాకు కుడి పక్కన ఆమె ఉన్నట్టు. ఇన్నేళ్ళూ నేను ఆమె మాట విన్నది ఈ చెవితోనే. ఇప్పుడు ఇదే పోయింది. ఆ చెవి పోయినందుకు బెంగ లేదు. ఆ పక్కన ఎవరుంటారన్నదే బెంగ."

నేను ఆ జోడు తీసుకుని మళ్ళీ ఆయన చెవుల మీద పెట్టాను.

"రైల్లో సీట్లు అటూ ఇటూ చెయ్యి," అన్నారు. "ఆమె ఎడమ పక్క, నేను కుడి పక్క. అప్పుడు నా మంచి చెవి ఆమె వైపు ఉంటుంది. కొంగలూ వంతెనలూ అన్నీ వినబడతాయి."

"మీరన్నవి ఆవిడకి వినబడవు కదా."

"నేనేం మాట్లాడతానయ్యా. ఊఁ అంటాను. ఆమె చెప్పాలి, నేను వినాలి. అంతకంటే ఏం లేదు."

"మరి రైలెక్కాక మీరే అటు కూర్చోవచ్చుగా. టికెట్టు మార్చడం ఎందుకు?"

"ఎందుకు అని అడుగుతుంది. అడిగితే చెప్పాలి. చెబితే ప్రయాణమంతా నా చెవికేసి చూస్తూ కూర్చుంటుంది, కిటికీలోంచి చూడదు. అదే టికెట్టు మీద అలా పడిందనుకో, టికెట్టు మీదున్న సీట్లోనే కూర్చోవాలని నేను పంతంగా అంటాను, ఎప్పుడూ అనేదే కాబట్టి నమ్మేస్తుంది. కిటికీ నేను లాక్కున్నట్టు అవుతుంది, అదొక్కటే. ఎవరన్నా అడిగితే నాకు గాలి ఆడదని చెప్పు."

"ఆ రైలు కిటికీలు తెరుచుకోవు మామయ్యగారూ."

"అయితే వెలుతురు ఆడదని చెప్పు."

మామగారు వెళ్ళాక ఫోను తీశాను. ఆ రైలువాళ్ళ యాప్‌లో ఇద్దరి సీట్లు తారుమారు చేసే మీట ఒకటి ఉంది. నొక్కాను. తారుమారైంది. మా ఆవిడకి కూడా చెప్పలేదు. కళ్ళజోడు కాక ఇంకో జోడు సవరించడం నాకదే మొదలు.

తర్వాతి ఆదివారం అందరం మళ్ళీ అత్తగారింట్లో చేరాం, ఏర్పాట్లన్నీ చివరిసారి చూసుకోవడానికి. భోజనాల బల్ల చుట్టూ కూర్చుంటున్నాం, ఇంతలో చిన్నత్తయ్య వచ్చింది. చేతిలో రంగు కాగితం చుట్టిన పెట్టె. వస్తూనే అత్తగారి ఎడమ పక్క కుర్చీలో, మామగారి కుర్చీలో, కూర్చుంది. అక్కతో మాట్లాడాలి కదా మరి. మామగారు బల్లకి అవతల, అత్తగారికి ఎదురుగా ఉన్న కుర్చీలోకి మారారు.

"ముందే తెచ్చాను, మళ్ళీ హడావిడిలో కుదరదని," అంది చిన్నత్తయ్య పెట్టె బల్లమీద పెట్టి. "జంట కప్పులు. ఆ పిల్లకి టీ అలవాటుందో లేదో."

"ఏ పిల్ల పిన్నీ?" అన్నాడు పళ్ళకొడుకు నీరసంగా.

"అదేరా, ఫెర్రీ."

అందరం ఆవిడకేసి చూశాం.

"మీ అక్కే కదరా ఫోను చేసి చెప్పింది, పెళ్ళి... కాదు... ఫెర్రీ అని. నేను పెళ్ళికూతురు పేరేమిటని అడుగుతూనే ఉన్నాను, అది ఫెర్రీ అంది. పేరు ఎలా ఉంటేనేం, పిల్ల మంచిదైతే చాలని అందరికీ చెప్పాను."

"అందరికీ చెప్పావా?" అంది మా ఆవిడ.

"అందరూ బానే తీసుకున్నారే. నువ్వేం కంగారు పడకు."

పళ్ళకొడుకు రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు. సరస్సు దాటడానికి భయపడ్డవాడు బంధువుల్ని ఎలా దాటుతాడో నాకు తోచలేదు.

"పిన్నీ, తర్వాత చెబుతాను, ముందు ఇది అవనీ," అని మా ఆవిడ లాప్‌టాప్ అందరికీ కనబడేట్టు తిప్పింది. "దిగుడూరు హోటలు దాకా కారు. రైలు. ఇవిగో సీట్లు, పేర్లతో సహా. వంతెనల ఊళ్ళో..."

"ఆగు," అన్నారు మామగారు.

"ఉండు," అంది అత్తగారు.

రెండు మాటలూ ఒకేసారి వచ్చాయి. తెరమీద రైలు పెట్టె బొమ్మలో కుడి పక్క కిటికీ దగ్గర అత్తగారి పేరు, ఆవిడకి ఎడమ పక్కన మామగారి పేరు. మొదట్లో ఎలా ఉందో అలాగే. మామగారు కళ్ళజోడు మీదుగా నాకేసి చూశారు. ఆ చూపుకి ఏ నంబరు అద్దమూ పనిచెయ్యదు. అదే క్షణంలో అత్తగారు కూతురికేసి సరిగ్గా అలాగే చూస్తోంది.

"నేను మార్చాను," అన్నాను గబుక్కున.

"నేనూ మార్చాను," అంది మా ఆవిడ.

"నువ్వెందుకు మార్చావు?"

"అమ్మ మార్చమంది. మీరెందుకు మార్చారు?"

"మామయ్యగారు మార్చమన్నారు."

"ఎప్పుడు?"

"సీట్లు చూసుకున్న మర్నాడే. నువ్వు ఆ తర్వాత నొక్కి ఉంటావు."

మా ఆవిడ నుదురు పట్టుకుంది. "రెండు మైనస్సులు," అంది. "పిల్లలకి రోజూ చెప్పేదే. మీట నొక్కేటప్పుడు పేర్లు చూడలేదు. వంటింట్లో కుళాయి తిప్పి మరీ నా చెవిలో చెప్పింది అమ్మ, ఎవరికీ తెలియకూడదని. నాన్నకి కుడి చెవి వినబడట్లేదు, నన్ను ఎడమ పక్కకి మార్చు అని."

ఆ మాట బల్ల మీద పడింది. కింద క్లినిక్కు మూసి ఉంది కాబట్టి గ్లాసులు కూడా మోగలేదు. నేలమీది గడియారం ఒక్కటే కొట్టుకుంటోంది.

మామగారు బల్ల అంచుని రెండు చేతులతో పట్టుకున్నారు. "నీకు తెలుసా?" అన్నారు భార్యతో, మామూలు గొంతుతో.

"చాన్నాళ్ళైంది," అంది అత్తగారు. "ఒకరోజు మీ కుడి పక్కన నడుస్తూ, గ్యాస్ స్టవ్వు అమ్మేశానండీ అన్నాను, చూద్దామని. ఊఁ, మంచి పని చేశావు అన్నారు."

"అమ్మేశావా?"

"అమ్మితే మీకు అన్నం ఎలా వస్తోంది?"

"మరి పెళ్ళి అని చెప్పింది నేనే అని..."

"మీరు పెళ్ళి అన్నప్పుడే అనుమానం వచ్చింది. మీ ముఖంలో సంతోషం చూసి పోనీ నిజమేనేమో అనుకున్నాను. చెల్లికి కూడా చెప్పాను. తీరా చూస్తే పడవ. అందరూ నా చెవి అనుకున్నారు. అనుకోనిద్దురూ. నా చెవికి ఎప్పట్నుంచో చెడ్డపేరు ఉంది, ఇంకోటి కలిస్తే బరువా. మీకు కొత్త. మీరు బెంగ పెట్టుకుంటారు."

"కేకులు కూడా?" అన్నాడు పళ్ళకొడుకు.

"మేకులు అనే చెప్పాను," అంది అత్తగారు. "స్పష్టంగా."

మామగారు నేలమీది గడియారం కేసి చూశారు. తర్వాత, "నువ్వు అటు మారితే నా మాట నీకు వినబడదు కదే," అన్నారు.

"మీరేం మాట్లాడతారు గనక. ఊఁ అంటారు. ఆ ఊఁ నాకు చూస్తే కనబడుతుంది. నేను చెప్పేది మీకు వినబడకపోతేనే కష్టం. కొంగల గురించి ఎవరికి చెప్పుకోను?"

"నేనూ అందుకే మార్చమన్నాను."

"తెలిసింది లెండి."

"కిటికీ నేను తీసుకుంటున్నానని నువ్వు ఏమన్నా అనుకుంటావేమోనని..."

"మీ మీంచి వంగి చూద్దామనుకున్నాను. అదీ బానే ఉంటుందనిపించింది."

చిన్నత్తయ్య ముక్కు ఎగబీల్చింది. మా ఆవిడ మళ్ళీ లాప్‌టాప్ ముందుకి లాక్కుని, మళ్ళీ మార్చేస్తానంది. ఎడమ పక్క ఎవరు కూర్చున్నా ఒకరికి వినబడి ఒకరికి వినబడదు. ఎటు తిప్పినా లెక్క ఒకటే. వెళ్ళేటప్పుడు అమ్మ చెప్పడం, మధ్యలో లేచి సీట్లు మార్చుకుని నాన్న చెప్పడం అని ఆవిడ ఏదో సూత్రం కడుతోంది.

నాకు అప్పుడు వెలిగింది. నేను రోజంతా జనాన్ని ఎదురుగా కూర్చోబెట్టి చూసేవాణ్ణి, ఇంత ఎదురుగా ఉన్నది కనబడటానికి ఇంతసేపు పట్టింది.

"ఇప్పటిదాకా ఇంత మాట్లాడుకున్నారు కదా," అన్నాను. "ఒక్కసారైనా ఏమిటీ అని ఎవరన్నా అడిగారా?"

అత్తగారు భర్తకేసి చూసింది. మామగారు భార్యకేసి చూశారు. ఇద్దరి మధ్యా భోజనాల బల్ల, దాని మీద చిన్నత్తయ్య పెట్టె. ఎడమ పక్క కుర్చీ పోబట్టి ఆయన ఎదురుగా వచ్చి పడ్డారు. ఎదురుగా కూర్చుంటే ఎవరి మంచి చెవి వాళ్ళకి పనికొస్తుంది.

"రైల్లో బల్ల సీట్లు ఉన్నాయి," అంది మా ఆవిడ మెల్లగా. "మధ్యలో చిన్న బల్ల, ఇటొకరు అటొకరు, ఇద్దరికీ కిటికీ. ఖాళీగానే ఉన్నాయి. కానీ నాన్నా, ఒకరు వెనక్కి తిరిగి కూర్చోవాలి. అమ్మకి కళ్ళు తిరుగుతాయి."

అందరం మామగారికేసి చూశాం. నలభై మందిని నడిపిన మనిషి. ఆయన చేతులు బల్ల అంచుమీద ఒక చిన్న మలుపు తిరిగి, నిదానంగా వదిలేశాయి.

"నాకు వెయ్యి ఆ సీటు," అన్నారు. "ఇన్నేళ్ళూ వచ్చే రోడ్డు చూస్తూనే బతికాను. దాటొచ్చింది ఎలా ఉంటుందో అద్దంలో తప్ప చూడలేదు."

"ముందు వచ్చేది నేను చెబుతాను," అంది అత్తగారు. "అది దాటాక ఎలా ఉందో మీరు చెప్పండి. ఊఁ అంటే ఊరుకోను."

"ఊఁ," అన్నారు మామగారు, అలవాటుగా. అని నాలిక కరుచుకున్నారు.

మా ఆవిడ సీట్లు మార్చింది. ఈసారి మీట నొక్కేముందు పేర్లు పైకి చదివింది, బడిలో హాజరు పిలిచినట్టు. ఇద్దరూ పలికారు.

"అదంతా సరే," అంది చిన్నత్తయ్య కళ్ళు తుడుచుకుని. "నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. ఫెర్రీ కూడా మీతో రైల్లో వస్తుందా?"

పళ్ళకొడుకు గట్టిగా మూలిగాడు. ఊళ్ళో ఇంకెవరికీ పంటినొప్పి లేకపోయినా వాడికొక్కడికీ ఉన్నట్టు.

"చెప్పేస్తాను, ఫోను ఇలా ఇవ్వమ్మా," అన్నారు మామగారు. చిన్నత్తయ్య ఫోనులో బంధువులందరి గుంపూ ఉంది, ఆవిడ వార్తలు వెళ్ళే దారి అదే. గొంతు రికార్డు చేసి పంపే మీట ఎక్కడుందో నన్నడిగి నొక్కారు. నిలబడ్డారు. బస్టాండులో బస్సు పేరు అరిచేవాళ్ళలా కాకుండా, తాపీగా, ఎదుట ఎవరో ఉన్నట్టుగా మాట్లాడారు.

"అందరికీ నమస్కారం. ఒక చిన్న పొరపాటు జరిగింది. మా అల్లుడు నాకు ఫోనులో ఫెర్రీ ఖాయమైందని చెప్పాడు. ఫెర్రీ అంటే పడవ. మేం సరస్సు దాటేది. నేను పెళ్ళి అని విన్నాను. మా ఆవిడ కాదు, నేను. నాకు కుడి చెవి వినబడట్లేదు. ఆమె నన్ను కాచుకోవడానికి తప్పు తన మీద వేసుకుంది. మా వాడికి పెళ్ళేం కుదర్లేదు. ఫెర్రీ అనే పిల్ల లేదు. ఇకమీదట నాతో మాట్లాడేవాళ్ళు ఎడమ పక్కకి రండి, లేదా ఎదురుగా రండి."

ఆపబోయి, భార్యకేసి చూశారు. మళ్ళీ ఫోను నోటి దగ్గర పెట్టుకున్నారు.

"కేకులు కూడా నేనే," అన్నారు.

గుంపులోంచి ఒకటొకటిగా టింగుటింగుమని జవాబులు రావడం మొదలైంది. చిన్నత్తయ్య పెట్టె విప్పి రెండు కప్పులూ బయటికి తీసి, బల్లకి ఇటొకటి అటొకటి పెట్టింది.

"ఏవండీ," అంది అత్తగారు బల్ల అవతలి నుంచి, గొంతు పెంచకుండా. "సాయంత్రం మేకులు తెస్తారా?"

"మేకులే కదా," అన్నారు మామగారు.